తుపాకి కొనే ముందు: కన్ను, భుజము, చెవి – ఒక వైద్యుని సలహా



ఇంతవరకు రక్తపు పోటు, మధుమేహము, పాము కాటు, వడ దెబ్బల గురించి వ్రాస్తూ వచ్చాను. ఈ పర్యాయము తుపాకి ఎంపిక గురించి వ్రాస్తున్నానంటే మీలో కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. తుపాకి కూడా శరీరముతో వాడే పనిముట్టే. కంటికి, భుజమునకు, చెవికి తగనిదైతే అది వాడేవానికే హాని చేస్తుంది. ఆ సంగతి నేను పుస్తకములలో చదువక ముందే మా ఇంటిలో తెలుసుకొన్నాను.

కిందటి సంక్రాంతికి గుడివాడలో మా తమ్ముని ఇంటికి వెళ్ళాను. తమ్ముని మనవడు ఇరువది నాలుగేళ్ళ వాడు. ఇంజనీరింగు చదివి, తండ్రితో పాటు చేపల చెరువులు చూసుకొంటున్నాడు. భోజనాలయిన తరువాత నా పక్కన కూర్చుని ఫోనులో ఒక బొమ్మ చూపించాడు.

“పెదతాతయ్యా, దీన్ని ఓవర్ అండర్ అంటారు. ఒక గొట్టం పైన, ఒకటి కింద. నాకు స్కీట్ నేర్చుకోవాలని ఉంది. చలికాలంలో చెరువుల మీద పరజలు కూడా దిగుతాయి కదా! రెండిటికీ పనికొచ్చేది ఏది కొనమంటారు?”

వరండాలో పడక కుర్చీలో ఉన్న మా తమ్ముడు ఆ మాట విన్నాడు, కాని తల తిప్పలేదు. అతని ఎడమ చేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. మిగిలిన రెండు వేళ్ళు పోవడములో నేనిచ్చిన సలహాకు పాత్ర ఉన్నది. అందువలన మనవనికి ఆ రోజు వెంటనే సమాధానము చెప్పలేకపోయాను. తరువాత ఆలోచించి చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాను. తుపాకి కొనే ఆలోచన లేనివారు కూడా చెవుల గురించి, సీసము గురించి వ్రాసిన భాగములు తప్పక చదవండి.

నాన్నగారి తుపాకి

మాది దివిసీమలో నాగాయలంక వైపు పల్లెటూరు. నాన్నగారికి ఇంగ్లండులో తయారైన పన్నెండు బోరు తుపాకి ఉండేది. దాని రెండు గొట్టములు పక్క పక్కన ఉండేవి. వరి కోతలయిన తరువాత తడి ఆరని చేలలో ఉల్లంకి పిట్టలు, ఏటి పాయలలో పరజలు ఆయన వేట. ఆ రోజులలో దానికి లైసెన్సులు ఇచ్చేవారు. పదునైదవ ఏట నుంచి నేను, ఆ తరువాత తమ్ముడు ఆ తుపాకితోనే వేటాడాము.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలో, చుట్టుపక్కల తీరములో సుమారు 10,000 మంది ప్రాణములు కోల్పోయారు. మా వారు మేడ ఎక్కి బ్రతికారు. ఆ సంవత్సరమే నేను ప్రభుత్వ వైద్యునిగా కొలువులో చేరాను. అప్పుడు చూచిన వాటి గురించి మరొకసారి వ్రాస్తాను. తుపాకి మాత్రము క్రింది గదిలో ఉప్పునీటిలో, బురదలో మూడు వారములు ఉండిపోయింది.

నాన్నగారు దానిని బయటకు తీయించి నాకు చూపించి, “పనికివస్తుందంటావా?” అని అడిగారు. నేను గొట్టములను కిరసనాయిలుతో కడిగి, నూనె గుడ్డ దూర్చి తుడిచి, వెలుతురు వైపు పెట్టి చూచాను. లోపల మెరుస్తున్నట్లు అనిపించింది. “ఏమీ కాలేదు నాన్నగారూ, నిక్షేపంగా ఉంది” అన్నాను. తుపాకుల గురించి నాకు తెలిసినది వేటగాని పరిజ్ఞానమే. వైద్యుడినైన కొత్తలో అన్నీ తెలుసుననే ధీమా ఉండేది.

1979 జనవరిలో తమ్ముడు ఆ తుపాకితో చేలోకి వెళ్ళాడు. గట్టు మీద కాలు జారి, తుపాకి మూతి నల్లరేగడి బురదలో గుచ్చుకొన్నది. దులిపి, పంచెతో తుడిచాడు. పిట్ట లేచింది, పేల్చాడు. ఎడమ గొట్టము అతని ఎడమ చేయి పట్టుకొన్న చోట చీలిపోయింది. బందరు ఆసుపత్రికి తీసుకొనిరాగా, నేను వెళ్ళేసరికి శస్త్రచికిత్స ముగిసింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు పోయాయి. తుపాకులు బాగుచేసే వృద్ధుడొకరు ఆ గొట్టము చూచి, లోపల ఉప్పునీటి త్రుప్పు తిన్న గుంటలు వరుసగా ఉన్నాయనీ, మూతిలో బురద అడ్డుపడి ఒత్తిడి పెరిగినప్పుడు పలుచబడిన ఆ చోటే విడిపోయిందనీ చెప్పాడు. నేను “నిక్షేపంగా ఉంది” అన్న గొట్టము అదే.

తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తరువాత మా ఇంటిలో తుపాకి లేదు. నలుబది ఏళ్ళు దాటిన తరువాత అతని మనవడు వచ్చి, ఏది కొనమంటారని నన్నే అడిగాడు.

మొదటి మాట: రెండిటికీ పనికివచ్చే తుపాకి లేదు

మనవనికి నేను మొదట చెప్పినది ఇదే. పక్షుల వేట కొఱకని తుపాకి ఎంచుకొనే కాలము మన దేశములో ముగిసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటిలో కొన్ని జంతువులను, పక్షులను లైసెన్సుతో వేటాడనిచ్చింది. 1991 సవరణతో ఆ లైసెన్సులు పోయాయి. ఈ నాడు పరజను గాని, ఉల్లంకిని గాని, చెరువులో చేపలు తినే నీటికాకిని గాని కాల్చడము నేరము. 2022 సవరణ తరువాత సామాన్యమైన ఉల్లంఘనకే మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మొదటి షెడ్యూలులోని ప్రాణులకైతే శిక్ష మూడేళ్ళకు తగ్గదు. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. దివిసీమ చివర మడ అడవులు కృష్ణా అభయారణ్యములో ఉన్నాయి. అక్కడ తుపాకి పట్టుకొని తిరగడమే చిక్కులు తెచ్చి పెడుతుంది.

“మరి చెరువులో పిల్ల చేపల్ని నీటికాకులు తినేస్తుంటే?” అని మనవడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పిల్లలను పెంచే చిన్న చెరువుల మీద వలలు కప్పడము, మెరిసే రిబ్బన్లు కట్టడము, ఉదయ సాయంత్రములు మనిషిని తిప్పి డప్పు కొట్టించడము మార్గములు. ఖర్చవుతుంది. అయినా కోర్టు ఖర్చు కంటె తక్కువే.

కనుక మిగిలినది స్కీట్ ఒక్కటే. ఎంపికను దానికి తగినట్లే చేయాలి.

స్కీట్ అంటే ఏమిటి?

స్కీట్ 1920 ప్రాంతములో అమెరికాలో, పక్షుల వేట లేని కాలములో సాధన కొఱకు మొదలైనది. అర్ధచంద్రాకారపు మైదానములో ఎడమ చివర ఎత్తైన గూడు, కుడి చివర పొట్టి గూడు ఉంటాయి. వాటిలోని యంత్రములు 110 మిల్లీమీటర్ల వెడల్పు గల బిళ్ళలను గాలిలోకి విసురుతాయి. ఆటగాడు ఎనిమిది స్థానములలో నిలబడి ఒక వరుసకు 25 బిళ్ళలను కాల్చాలి. కొన్ని స్థానములలో రెండు గూళ్ళ నుంచి రెండు బిళ్ళలు ఒకేసారి వస్తాయి. అందువలన రెండు దెబ్బలు వెంట వెంటనే పేలే తుపాకి అవసరము.

ఇది 1968 నుంచి ఒలింపిక్ క్రీడ. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మిశ్రమ స్కీట్ పోటీలో అనంత్‌జీత్ సింగ్ నరుకా, మహేశ్వరీ చౌహాన్ 43–44తో, ఒక్క బిళ్ళ తేడాతో, కాంస్య పతకము కోల్పోయారు. ఇదే కుటుంబమునకు చెందిన ట్రాప్ పోటీలో మన హైదరాబాదీ కైనాన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో దేశము తరపున పాల్గొన్నాడు. పిట్టను చంపకుండానే వేటగాని కన్ను, చేయి, ఓపిక అన్నీ పరీక్షకు నిలిచే ఆట ఇది.

పైన ఒకటి, క్రింద ఒకటి: ఎందుకు?

ఈ రకపు తుపాకి పాతదే. అమెరికా రూపశిల్పి జాన్ బ్రౌనింగ్ చివరగా పని చేసినది ఇటువంటి తుపాకి మీదే. 1926లో ఆయన మరణించాడు. 1931 నుంచి అది విపణిలోకి వచ్చింది. ఇప్పుడు పోటీలలో ఇటలీకి చెందిన బెరెట్టా, పెరాజీ, జర్మనీకి చెందిన క్రీగాఫ్, జపానులో తయారయ్యే బ్రౌనింగ్, మిరోకు తుపాకులు కనిపిస్తాయి.

పక్క పక్క గొట్టముల తుపాకిలో కంటి ముందు రెండు గొట్టముల వెడల్పు కనిపిస్తుంది. పైన–క్రింద రకములో ఒక్క సన్నని పట్టీయే కనిపిస్తుంది. వేగముగా కదిలే బిళ్ళను కన్ను అనుసరించడము సులువవుతుంది. సాధారణముగా క్రింది గొట్టమును ముందు పేలుస్తారు. అది చేతికీ భుజమునకూ దగ్గరి వరుసలో ఉండడము వలన తుపాకి మూతి పైకి ఎగరడము తగ్గి, రెండవ దెబ్బకు త్వరగా సిద్ధపడవచ్చును. ఒక లోపము కూడా ఉన్నది. క్రింది గొట్టములో తూటా పెట్టుటకు తుపాకిని ఎక్కువగా విరిచి తెరవాలి. కొల్లేటి దోనెలో కూర్చున్నవానికి పక్క గొట్టముల తుపాకి అనువుగా ఉండేది అందుకే. మైదానములో నిలబడి ఆడేవానికి ఆ ఇబ్బంది లేదు.

స్కీట్ బిళ్ళను సుమారు ఇరువది మీటర్ల దూరములోనే కాలుస్తారు. కనుక గుళ్ళు త్వరగా విచ్చుకోవాలి. గొట్టము మూతి దగ్గర ఉండే బిగింపును చోక్ అంటారు. స్కీట్‌కు దాదాపు బిగింపు లేని చోక్ కావాలి. దూరపు పరజల కొఱకు నాన్నగారు మెచ్చుకొన్న గట్టి బిగింపు ఇక్కడ నష్టమే. గొట్టముల పొడవు 28 నుంచి 30 అంగుళములు, బరువు మూడుంపావు నుంచి మూడున్నర కిలోల పైచిలుకు ఉంటే చాలు. తూటాలో గుళ్ళ బరువు అంతర్జాతీయ పోటీలలో 24 గ్రాములు. ఇది తేలిక తూటాయే. బరువైన తుపాకిలో తేలిక తూటా వాడితే భుజమునకు తగిలే దెబ్బ తగ్గుతుంది. మోయడానికి సుఖమని తేలిక తుపాకి కొన్నవారు మైదానములో బాధపడతారు.

కన్ను

కొనబోయే ముందు మీ రెండు కళ్ళలో ఏది అధికారము చేసే కన్నో తెలుసుకోవాలి. రెండు చేతులు ముందుకు చాచి, బొటనవ్రేళ్ళు, చూపుడువ్రేళ్ళు కలిపి చిన్న సందు చేయండి. రెండు కళ్ళూ తెరచి ఆ సందులోంచి దూరముగా ఉన్న ఒక వస్తువును చూడండి. తరువాత ఒక్కొక్క కన్ను మూయండి. ఏ కన్ను తెరచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే నిలుస్తుందో అది అధికారము చేసే కన్ను.

మనవనికి ఈ పరీక్ష చేశాను. వాడు కుడిచేతి వాటము వాడు. అధికారము చేసే కన్ను మాత్రము ఎడమది. ఇది తెలియక కుడి భుజమున తుపాకి పెట్టి రెండు కళ్ళూ తెరచి కాలిస్తే, తుపాకి వరుస ఒకటి, కంటి వరుస మరొకటి అవుతాయి. ఎంత ఖరీదైన తుపాకి కొన్నా గురి కుదరదు. కొత్తగా నేర్చుకొనేవారు ఎడమ భుజమునకు అలవాటు పడడము మంచిది. అది కుదరకపోతే కళ్ళజోడు ఎడమ అద్దము మీద చిన్న టేపు ముక్క అంటించి ఆ కంటి చూపును మసకపరచవచ్చును. కుడివాటము వారికి చేసిన తుపాకి మడమ కొంచెము కుడికి ఒరిగి ఉంటుంది. కనుక ఎడమ భుజమునకు మారేవాడు ఎడమవాటము తుపాకియే వెదకాలి. ఒక్క నిమిషపు కంటి పరీక్షతో ఎంపిక మొత్తము మారిపోయింది!

నడివయస్సు వారికి మరొక మాట. అధికారము చేసే కంటిలో శుక్లము ముదిరితే అధికారము రెండవ కంటికి మారవచ్చును. గురి హఠాత్తుగా తప్పుతుంటే తుపాకిని తప్పు పట్టక ముందు నేత్రవైద్యుని చూడండి. పగిలిన బిళ్ళ ముక్కలు ఎగిరి కంటిలో పడకుండా పాలీకార్బొనేట్ అద్దములు తప్పనిసరి.

భుజము, మెడ

చొక్కా కుట్టించుకొనేటప్పుడు కొలతలు ఇస్తాము కదా! తుపాకి మడమకు కూడా కొలత ఉంటుంది. తుపాకి ఖాళీగా ఉన్నదని మీరు, మరొకరు తెరచి చూచిన తరువాత, కళ్ళు మూసుకొని తుపాకిని చెంపకు, భుజమునకు సహజముగా తెచ్చుకోండి. ఇప్పుడు కళ్ళు తెరవండి. కన్ను పట్టీ మీదుగా చివరనున్న పూసను సూటిగా చూడాలి. మెడ వంచవలసివచ్చినా, చెంప ఎత్తవలసివచ్చినా అది మీ కొలత కాదు.

అంతర్జాతీయ స్కీట్‌లో బిళ్ళ కనబడే వరకు మడమ నడుము దగ్గర ఉండాలనేది నియమము. బిళ్ళ రాగానే ఎత్తాలి. మడమ పొడవెక్కువైతే చంక క్రింద చొక్కాకు తగులుకొంటుంది. పొట్టిదైతే బొటనవ్రేలు ముక్కును కొడుతుంది. ఒక సాధన దినములో వంద తూటాలు పేలుస్తారు. కొలత కుదరని మడమ వలన చెంప ఎముక, కాలరు ఎముక, మెడ నరములు వంద సార్లు దెబ్బ తింటాయి.

మధుమేహము వలన భుజము బిగిసినవారు, మెడ ఎముకల అరుగుదల ఉన్నవారు మొదట ఆ బాధలకు చికిత్స చేయించుకోవాలి. రక్తము పలుచబడే మందులు వాడేవారికి భుజముపై పెద్ద కములులు ఏర్పడతాయి. పేస్‌మేకర్ ఉన్నవారు ఆ పక్క భుజమునకు తుపాకి ఆనించే ముందు తమ హృద్రోగ వైద్యుని తప్పక అడగాలి.

చెవి

ఇక్కడ నా కథ కొంత చెప్పాలి. పదమూడేళ్ళ పాటు చెవులకు ఏ రక్షణా లేకుండా కాల్చాను. పేల్చిన తరువాత కొన్ని గంటలు చెవులలో కీచురాళ్ళ రొద వినిపించేది. మరునాటికి తగ్గిపోయేది. తగ్గింది కదా అని సంతోషించేవాడిని.

ఒక్కసారి వచ్చే పెను శబ్దమునకు 140 డెసిబెల్‌లను హద్దుగా భావిస్తారు. పన్నెండు బోరు తుపాకి శబ్దము 150 దాటుతుంది. లోచెవిలో శబ్దమును గ్రహించే సూక్ష్మమైన రోమకణములు ఉంటాయి. అవి నశిస్తే మనుష్యులలో తిరిగి పుట్టవు. ఇటువంటి నష్టము మొదట 4,000 హెర్ట్‌జ్ ప్రాంతములో కనిపిస్తుంది. కుడి భుజమున కాల్చేవారికి ఎడమ చెవి తుపాకి మూతికి దగ్గరగా ఉంటుంది, కుడి చెవికి తల అడ్డుగా ఉంటుంది. అందువలన ఎడమ చెవి ఎక్కువ చెడుతుంది. నా వినికిడి పరీక్ష పటములో ఎడమ చెవి గీత సరిగ్గా 4,000 దగ్గర గుంటలో పడ్డట్లు దిగిపోయింది.

దాని ఫలితమేమిటి? శబ్దము వినిపిస్తుంది, మాట తెలియదు. స, త, క, ఫ వంటి అక్షరములు జారిపోతాయి. ‘పాత’ అన్నారో ‘కాత’ అన్నారో తెలియదు. పెండ్లి పందిట్లో, నలుగురు మాట్లాడేచోట నవ్వుతూ తల ఊపడము అలవాటైనది. సర్వీసు చివరి సంవత్సరములలో రోగి చెప్పినది రెండవసారి అడగవలసివచ్చేది. కొందరు పల్లెటూరి వృద్ధురాళ్ళు, “డాక్టరు గారికి మా మాట పట్టదు” అనుకొని వెళ్ళిపోయి ఉంటారని తలచుకొంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

స్కీట్ ఆడేవారు చెవి లోపల నురుగు బిరడాలు, వాటిపై చెవి డిప్పలు, రెండూ వాడాలి. బిరడాను సన్నగా నలిపి, చెవిని పైకి వెనుకకు లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బే వరకు పట్టుకోవాలి. పైపైన దూర్చిన దూది ఎందుకూ కొరగాదు. పక్కన నిలబడి చూచేవారికీ ఇదే నియమము. దీపావళి బాంబులకు, పెండ్లి ఊరేగింపుల డి.జె. పెట్టెలకు, ఐసు మిల్లులలో పనికి కూడా ఈ మాటలు వర్తిస్తాయి. ఆటకు ముందు ఒకసారి, తరువాత ఏటేటా వినికిడి పరీక్ష చేయించుకోండి.

సీసము

తూటాలోని గుళ్ళు సీసముతో చేసినవి. తూటా అడుగున నిప్పు రవ్వ పుట్టించే మందులో కూడా తరచు సీసపు లవణము ఉంటుంది. సీసమునకు శరీరములో ఏ ఉపయోగమూ లేదు. రక్తములో ఇంత ఉంటే భయము లేదని చెప్పగల పరిమాణము కూడా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రక్తహీనత, కడుపు నొప్పి, రక్తపు పోటు, మూత్రాంగముల దెబ్బ, నరముల బలహీనత పెద్దలలో కలుగుతాయి. పసిపిల్లలలో బుద్ధి వికాసము దెబ్బ తింటుంది.

సీసము హాని కాల్చిన పక్షితోనే ఆగదు. నీటి అడుగున పడిన గుళ్ళను బాతులు గులకరాళ్ళని భ్రమించి మ్రింగుతాయి. వాటి కందనకాయలో గుళ్ళు అరిగి రక్తములో కలుస్తాయి. కొన్ని గుళ్ళు చాలు, బాతు చచ్చిపోవడానికి. అందువలననే అమెరికా 1991 నాటికి నీటిపక్షుల వేటలో సీసపు గుళ్ళను నిషేధించింది. ఐరోపా సమాజము 2023లో చిత్తడి నేలలన్నిటా నిషేధించింది. మన డెల్టాలో కోతల తరువాత చేలలో బాతుల మందలను మేపేవారుంటారు. ఆ గుడ్లు, ఆ మాంసము మన ఇండ్లకే వస్తాయి. కనుక సీసపు గుళ్ళు పేల్చే చోటు మైదానమే కావాలి గాని, వరి చేను, చెరువు గట్టు కాకూడదు.

ఆడేవారు తూటాలు ముట్టుకొన్న చేతులతో తినకూడదు, పొగ త్రాగకూడదు. సబ్బుతో చేతులు కడగాలి. ఇంటికి రాగానే బట్టలు మార్చుకొని విడిగా ఉతకాలి. గర్భిణులు, చిన్నపిల్లలు ఆ సంచిని ముట్టరాదు. తరచు ఆడేవారు ఏడాదికొకసారి రక్తములో సీసపు పరీక్ష చేయించుకొనడము మంచిది. ఎప్పుడైనా ప్రమాదములో గుళ్ళు దిగినవారు కీళ్ళ దగ్గర గుండు మిగిలి ఉంటే వైద్యునికి చెప్పండి. కండలో ఉన్న గుండు చుట్టూ పొర కట్టి ఊరకుంటుంది. కీలులోని ద్రవములో ఉన్న గుండు మెల్లగా కరిగి విషమవుతుంది.

పాత తుపాకి కొనేవారికి

కొత్త విదేశీ తుపాకుల ధర లక్షలలో ఉంటుంది. అందువలన చాలమంది పాతవి కొంటారు, లేక తాతగారి తుపాకిని బయటకు తీస్తారు. ఇక్కడ నా పశ్చాత్తాపమే నా సలహా. గొట్టము లోపలి మెరుపును చూచి నమ్మకండి. తెలిసిన తుపాకి మరమ్మతుదారుచేత లోపలి కొలతలు తీయించి, గోడ మందము, గుంటలు, ఉబ్బులు పరీక్షింపజేయండి. పాత ఇంగ్లీషు తుపాకుల తూటా గది 65 మిల్లీమీటర్లే ఉండవచ్చును. నేటి తూటాలు 70 మిల్లీమీటర్లవి. లోపలికి పోయినంత మాత్రాన అవి దానికి తగినవి కావు. పాత గట్టి చోక్ గొట్టములలో ఉక్కు గుళ్ళు వాడరాదు.

మరొక ప్రమాదము. ఇరువది బోరు తూటా పన్నెండు బోరు గొట్టములో జారి, కొంచెము ముందు ఇరుక్కొంటుంది. చూచేవానికి గది ఖాళీగా కనబడుతుంది. వెనుక పన్నెండు బోరు తూటా పెట్టి పేలిస్తే గొట్టము పగులుతుంది. ఇరువది బోరు తూటాలకు పసుపు రంగు వేసేది ఈ ప్రమాదము తప్పించడానికే. రెండు రకముల తూటాలు ఒక సంచిలో ఉంచకండి.

మన ప్రాంతపు ఇళ్ళలో ఇంకొక శత్రువు ఉన్నది. గోడకు తగిలించిన తుపాకి గొట్టములో మట్టి పురుగు గూడు కడుతుంది. అది గాని, నాలుగు వ్రేళ్ళ బురద గాని చాలు. కాల్చే ప్రతి దినము తుపాకి తెరచి, గొట్టముల గుండా ఆకాశము చూడండి. క్రింద పడినా, మూతి దేనికి తగిలినా తూటాలు తీసి మళ్ళీ చూడండి. పంచెతో తుడవడము చాలదు.

లైసెన్సు, ఇల్లు, మనస్సు

1959 ఆయుధ చట్టము క్రింద జిల్లా మేజిస్ట్రేటు లైసెన్సు లేకుండా తుపాకి కొనరాదు. 2019 సవరణ ప్రకారము సామాన్యునికి రెండు తుపాకులకు మించరాదు. లైసెన్సు గడువు అయిదేళ్ళు. 2016 నియమములు దరఖాస్తుదారుని శరీర, మానసిక ఆరోగ్యములపై వైద్య ధ్రువపత్రము కోరుతున్నాయి. ఇది నా ఉద్యోగము ముగిసిన తరువాత వచ్చిన నియమము. యువ వైద్యులకు నా మనవి: ఆ కాగితము మీద ముఖము చూచి సంతకము పెట్టకండి. త్రాగుడు, నిద్ర, దిగులు, అప్పులు, ఇంటిలో కలహములు అడగండి. ఆత్మహత్య ఆలోచన చాలసార్లు కొద్ది సమయము ఉండి దాటిపోతుంది. ఆ సమయములో చేతికి తుపాకి అందితే రెండవ అవకాశము ఉండదు. ఇంటిలో తుపాకి ఇనుప బీరువాలో, తూటాలు వేరే తాళములో, తాళపుచెవులు ఒక్కరి వద్దే ఉండాలి. ఇంటిలో ఎవరికైనా మనస్సు బాగుండనప్పుడు తుపాకిని ఆ ఇంటి నుంచి చట్టప్రకారము తరలించాలి.

మనవడు ఏమి చేశాడు?

ఇవన్నీ చెప్పి, “ఇప్పుడు ఏదీ కొనవద్దు. ముందు హైదరాబాదు వెళ్ళి, శిక్షకుని దగ్గర ఎడమ భుజముతో నేర్చుకో. అక్కడి తుపాకులతో కనీసము ఆరు నెలలు ఆడు. నీ కొలత నీకు తెలిసిన తరువాత కొనుక్కో” అన్నాను. వాడి ముఖము చిన్నబోయింది. “పరజల మాట మరచిపోవాలా?” అన్నాడు.

అప్పుడు మా తమ్ముడు కుర్చీలోంచి లేచి వచ్చాడు. తన ఎడమ చేతిని బల్ల మీద పెట్టాడు. ఆ చేయి ఎందుకట్లా అయిందో మనవనికి వరికోత యంత్రము కథ చెప్పి ఉంచాడు. ఆ రోజు నిజము చెప్పాడు. బురద గురించి, పంచెతో తుడవడము గురించి చెప్పాడు. గొట్టము బాగుందన్నది ఎవరో మాత్రము చెప్పలేదు. నేనే చెప్పాను. మనవడు నా వైపు చూచి, కాసేపటికి, “అయితే మొదట చెవి పరీక్ష ఎక్కడ చేయించాలి పెదతాతయ్యా?” అన్నాడు.

మార్చిలో వాడు హైదరాబాదులో శిక్షణ మొదలు పెట్టాడు. మొదటి వరుసలో 25 బిళ్ళలకు నాలుగు పగిలాయట. తుపాకి ఇంకా కొనలేదు. చెరువుల మీద వలలు మాత్రము కొన్నాడు.

పాఠకులకు నా మనవి ఇంతే. తుపాకియే కాదు, శరీరముతో వాడే ఏ పనిముట్టునైనా కొనే ముందు, దాని ధర, పేరు తరువాత చూడండి. మీ కన్ను, భుజము, చెవి, మనస్సు ముందు పరీక్షించుకోండి. తెలియని సంగతి అడిగినప్పుడు “నాకు తెలియదు, తెలిసినవారికి చూపిద్దాము” అనడము నేర్చుకోండి. 1977లో ఆ మాట నేను అని ఉండవలసినది.

అందరికీ ఆయురారోగ్యములు కలుగుగాక.